చల్లని సీమ తెల్ల వైన్ రుచి చూడటం, 3వ పాఠం: పులుపు వేరు, పులిసిపోవడం వేరు

పోయిన పాఠంలో రంగు చూశాం, వాసన చూశాం, గ్లాసు ముక్కు దగ్గరే ఆపేశాం. ఈసారి నోట్లో పోసుకుందాం. కానీ సీసా మూత తియ్యడానికి తొందరపడకండి, ముందు వంటింట్లోకెళ్లి చింతపండు డబ్బా తీయండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. ద్రాక్షలో ఉండే ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం, చింతపండులో ఉండేదీ అదే. సైన్సు మాష్టారు చెప్పే ఉంటారు, మనమే పరీక్షలో రాసేసి మర్చిపోయుంటాం. చేపల పులుసు, పచ్చిపులుసు, చింతచిగురు పప్పు తిని పెరిగిన గోదావరి నాలుకకి మోసెల్ రీస్లింగ్‌లో (జర్మనీలో మోసెల్ నది లోయలో రీస్లింగ్ అనే ద్రాక్షతో చేసే తెల్ల వైన్) పులుపు కొత్త చుట్టమేం కాదు, ఎప్పుడూ తెలిసిన మనిషే వేరే చొక్కా వేసుకుని వచ్చాడంతే.

ఒక గిన్నెలో 600 మిల్లీలీటర్ల నీళ్లు పోసి చిన్న ఉసిరికాయంత చింతపండు పిసికి, వడగట్టి, మూడు గాజు గ్లాసుల్లో సమానంగా పొయ్యండి. మొదటి గ్లాసు అలాగే వదిలెయ్యండి. రెండోదాంట్లో, మూడోదాంట్లో రెండేసి టీ స్పూన్ల పంచదార కలపండి. మూడోది గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు స్పూన్లే ఎందుకంటే, 200 మిల్లీలీటర్లలో అంత పంచదార అంటే లీటరుకి సుమారు 40, 45 గ్రాములు, మోసెల్‌లో పాత పద్ధతిలో చేసే కాబినెట్ అనే తేలికపాటి వైన్లలో చాలావాటి తీపి ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

ఇప్పుడు మొదటి గ్లాసులోంచి ఒక గుక్క తీసుకుని, నాలుక మీద, బుగ్గల్లో తిప్పి, ఉమ్మేసి, తల కొంచెం ముందుకి వంచి నోట్లో ఏం జరుగుతుందో చూడండి. దవడల వెనక నుంచి నీళ్లు ఊరతాయి. ఎంతసేపు ఊరాయో మనసులో లెక్కపెట్టుకోండి. మంచినీళ్లతో పుక్కిలించి రెండో గ్లాసు రుచి చూడండి. "అబ్బే, ఇందులో పులుపు తగ్గిపోయింది" అంటారు, నేనూ మొదటిసారి అదే అన్నాను. తగ్గలేదండీ. చింతపండు అంతే ఉంది, పంచదార దాన్నేం తినెయ్యలేదు, నాలుకని మభ్యపెట్టిందంతే. నోట్లో ఊరే నీళ్లు మాత్రం అంత తేలిగ్గా మోసపోవు, దాదాపు మొదటి గ్లాసుకి ఊరినట్టే ఊరతాయి. మూడోది తాగితే, అదే పంచదార అయినా రెండోదాని కన్నా పుల్లగా ఉంటుంది, ఎందుకంటే చల్లదనం తీపిని అణిచేస్తుంది. ఈ మూడు గ్లాసుల మధ్య తేడా పట్టుకోగలిగితే ఇవాళ్టి పాఠం సగం అయిపోయినట్టే. 21 ఏళ్లు నిండనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, మన రాష్ట్రంలో చట్టం అదే, చింతపండు నీళ్లకైతే వయసుతో పనిలేదు.

మా అమలాపురం మావయ్యకి ఈ సంగతి చెప్పకుండా ఒకసారి మోసెల్ కాబినెట్ పోసిచ్చాను. ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఏంట్రా ఇది, కూల్‌డ్రింకులా ఉంది. ఆడపిల్లల పేరంటంలో ఇచ్చే షర్బత్తు."

"మావయ్యా, మింగాక నోరెలా ఉంది?"

"నీళ్లూరుతున్నాయి."

"ఇంకా?"

"ఇంకా ఊరుతున్నాయిరా. ఇంకో గుక్క పొయ్యి."

కూల్‌డ్రింకు తాగితే నోరు జిగటగా అయిపోయి మంచినీళ్లు కావాలనిపిస్తుంది, ఇది తాగితే నోరు కడిగినట్టయి ఇంకో గుక్క కావాలనిపిస్తుంది. రెండింటిలోనూ తీపి ఉంది, రెండోదాంట్లో ఆ తీపిని మోసే పులుపు గట్టిగా ఉంది. బెండకాయ పులుసులో అత్తయ్య బెల్లం ముక్క ఎందుకు వేస్తుందో మావయ్యకి వేరే చెప్పక్కర్లేదు, వైన్‌కి వచ్చేసరికి మాత్రం ఆ లెక్క మర్చిపోయాడు.

ఇంత పులుపు అక్కడ ఎందుకొచ్చిందో కొంచెం చెప్పుకుందాం. మన డెల్టా భూమధ్యరేఖకి పైన 16, 17 డిగ్రీల దగ్గరుంటే మోసెల్ లోయ 50 డిగ్రీల దగ్గర ఉంది. ద్రాక్షకాయలో టార్టారిక్‌తో పాటు మాలిక్ ఆమ్లం కూడా ఉంటుంది, గ్రీన్ యాపిల్ కొరికితే పళ్లు జివ్వుమంటాయే, అది. కాయ పండేకొద్దీ మాలిక్‌ని తనే ఖర్చు చేసేసుకుంటుంది, వేడి ఎక్కువైతే ఆ ఖర్చూ ఎక్కువవుతుంది. మన మే నెలలాగా రాత్రి కూడా ఉక్కపోసే చోట కాయ తియ్యబడేలోపు మాలిక్ చాలావరకు ఆవిరైపోయినట్టే. మోసెల్‌లో రాత్రిళ్లు చల్లన, రీస్లింగ్ నిదానంగా పండే రకం, కోతలు ఎక్కువగా అక్టోబరులో. అందుకే తీపి ఎక్కినా పులుపు మిగిలి ఉంటుంది, లీటరుకి 7 నుంచి 9 గ్రాముల దాకా ఆమ్లం అక్కడ మామూలు సంగతి. మరీ చల్లగా ఉంటే కాయ పండనే పండదు కాబట్టి అక్కడివాళ్లు నదివైపు ఎండ తగిలే నిటారు వాలుల మీద తోటలు వేశారు, బ్రెమ్ ఊరి దగ్గర కాల్మోంట్ అనే కొండ వాలు కొన్నిచోట్ల 65 డిగ్రీలు, చేలో నీళ్లు నిలబెట్టడానికి గట్లు చదును చేసుకునే మనకి అది చూస్తే కళ్లు తిరుగుతాయి. నేలంతా పలక రాయి. పగలు వేడి పీల్చుకుని రాత్రి తీగకి ఇస్తుంది. ఆ రాయి రుచే గ్లాసులోకి వస్తుందని అమ్మేవాళ్లు చెప్తారు గానీ, వేరు రాయిని కరిగించి రుచిగా పండులోకి ఎక్కించడం అంటూ ఏమీ లేదు, నమ్మకండి. తొలకరి చినుకు పడ్డ బండరాయి వాసనలాంటిది తగిలితే అలా అనే రాసుకోండి, చాలు. 1787లో మోసెల్ ఒడ్డునున్న ట్రియర్ పాలకుడు క్లెమెన్స్ వెన్‌సెస్లాస్ నాసిరకం తీగలు పీకేసి మంచివి నాటమని హుకుం జారీ చేశాడు, రీస్లింగ్ అక్కడ బలపడటానికి అదీ ఒక కారణం.

సరే, సీసా తీద్దాం. మన ఫ్రిజ్‌లు 4, 5 డిగ్రీల్లో ఉంటాయి, ఈ వైన్‌కి 8 నుంచి 10 బాగుంటుంది, అందుకని తీసి పది నిమిషాలు బయట పెట్టండి, మేలో అయితే ఐదే చాలు. గ్లాసులో రెండు వేళ్ల మందం మించి పొయ్యకండి, మన గాలికి పావుగంటలో గోరువెచ్చగా అయిపోతుంది. ఫ్రిజ్‌లో చేపలు మూత పెట్టకుండా ఉంచితే గ్లాసుని అందులో పెట్టి చల్లబరచొద్దు, మిగతాది మీరే ఊహించుకోండి.

నోట్లో పోసుకోగానే నాలుక కొసన సన్నగా చురుక్కుమంటే అది పులుపు అనుకునే ప్రమాదం ఉంది. కుర్ర మోసెల్ వైన్లలో పులిసేటప్పుడు పుట్టిన గ్యాస్ కొంచెం మిగిలిపోతుంది, గ్లాసుని గట్టిగా నాలుగుసార్లు తిప్పితే పోతుంది. ఆ తర్వాత మళ్లీ చూడండి. పులుపు అంటే ఆ చురుకు కాదు, దవడ వెనక నీళ్లు. గుక్క నోట్లో ఉండగా దాన్ని అంచనా వెయ్యకండి, ఉమ్మేశాకే లెక్క. ఉమ్మడం మర్యాద కాదనుకోకండి, మా తాతగారి సావిట్లో తాంబూలం ఉమ్మడానికి తమ్మపడిగ ఉండేది, మనకి స్టీలు చెంబు చాలు. మూడు వైన్లు మింగుకుంటూ పోతే మూడోదాని గురించి మీరు రాసిందానికి విలువ ఉండదు, బండి మీద ఇంటికెళ్లేది అసలే ఉండకూడదు.

ఇక అసలు చిక్కు. పుల్లగా ఉన్నదల్లా మంచిది కాదు. తెల్లారుజామున దింపిన తాటికల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి ముక్కుకి ఘాటు తగులుతుంది. ఆ ఘాటు వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లానిది, అది నోటికన్నా ముందు ముక్కులో తెలుస్తుంది, గొంతులో గీసినట్టుంటుంది. ద్రాక్షతో పాటు వచ్చిన పులుపుకి వాసన ఉండదు, నోట్లో మాత్రమే తెలుస్తుంది. మన భాషే ఈ తేడా చెప్పేసింది: పులుపు వేరు, పులిసిపోవడం వేరు. ముక్కులో పొడిచే పులుపు కనిపిస్తే ఆ వైన్ ఎంత ఖరీదైనా తప్పు కింద రాసుకోండి.

ఇంకో రకం తప్పు నేను చేతులారా చేసుకున్నది. ఒక స్నేహితుడు ఇచ్చిన రీస్లింగ్ సీసాని మంచిరోజు కోసమని అటక మీద దాచి, ఒక వేసవి మొత్తం మర్చిపోయాను. దింపేసరికి బిరడా పావు అంగుళం పైకి తన్నుకొచ్చింది, వేడికి లోపలి ద్రవం వ్యాకోచించి తోసేసింది మరి. రంగు పాత నెయ్యిలా ఉంది. వాసన ఉడకబెట్టిన యాపిల్. రుచి చూస్తే పులుపు అలాగే నిలబడి ఉంది, పండు లేదు, సువాసన లేదు, కొబ్బరాకులు ఎగిరిపోయాక మిగిలిన పందిరి గుంజల్లా పులుపొక్కటే. ఆ రోజు నాకు అర్థమైంది, పులుపుకి పక్కన ఏదో ఒకటి ఉండాలి. అడుగున చక్కెర పలుకుల్లాంటివి కనబడితే మాత్రం కంగారు పడకండి, చలికి టార్టారిక్ ఆమ్లం ఉప్పుగా పేరుకుంది, అంతే. నాలుగైదేళ్లు ముదిరిన రీస్లింగ్‌లో కిరసనాయిలు వాసన వచ్చినా అది తప్పు కాదు, ఆ రకానికి ఉన్న గుణం. నాకు లీలగా ఉంటే ఇష్టం, స్టవ్ వెలిగించినట్టుంటే కాదు.

మోసెల్ సీసా కొనేముందు లేబుల్ మీద ఆల్కహాల్ అంకె చూడండి. 8, 9 శాతం ఉంటే ద్రాక్షలోని చక్కెర పూర్తిగా పులియకముందే ఆపేశారని, తీపి మిగిలుందని. 12 ఉంటే దాదాపు తీపి లేని వైన్, డ్రై అంటారే, అది. ట్రోకెన్ అనే మాట ఉంటే తీపి లేనట్టే, దాని లెక్క భలే ఉంటుంది: మామూలుగా లీటరుకి 4 గ్రాముల చక్కెర దాటకూడదు, కానీ ఆమ్లం తగినంత ఉండి, చక్కెర దాన్ని 2 గ్రాములకి మించి దాటకపోతే 9 దాకా ఒప్పుకుంటారు. చూశారా, తీపిని పులుపుతో తూచమని చట్టమే చెప్తోంది, మనం మూడు గ్లాసులతో చేసిందీ అదే.

నోట్‌బుక్‌లో మూడే రాయండి. నీళ్లు ఎంత ఊరాయి, మింగాకో ఉమ్మేశాకో రుచి ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడింది, ఆ చివర్లో మిగిలింది ఏంటి. మిగిలింది తీపి ఒక్కటే అయితే పులుపు చాలలేదు, పులుపు ఒక్కటే అయితే పండు చాలలేదు, నిమ్మతొనో దోర జామకాయో పచ్చి యాపిలో పులుపుతో కలిసి సన్నగిల్లితే మంచి వైన్. నా లెక్కలో ఐదు లోపు అయిపోతే సాదాసీదా, పది దాటితే డబ్బులు దండగ కానట్టు. తేనెటీగలు వాలిన మల్లెపందిరి అని కవిత్వం రాసుకుంటే రాసుకోండి, కానీ ముందు ఈ మూడు రాశాక.

వచ్చే పాఠం వరకు ఇంటిపని: కాబినెట్ ఒకటి, ట్రోకెన్ ఒకటి, ఇద్దరు ముగ్గురు కలిసి డబ్బులు వేసుకుని తెప్పించుకోండి, పేర్లు కనపడకుండా కాగితం చుట్టి, ఏది ఏదో నాలుకతో కాకుండా దవడతో చెప్పడానికి ప్రయత్నించండి. పులస పులుసు పక్కన పెట్టుకుని ఇప్పుడే మొదలెట్టొద్దు. పులుసు వైన్ కన్నా పుల్లగా ఉంటే వైన్ చప్పగా అయిపోతుంది, దాని సంగతి నాలుగో పాఠంలో చూద్దాం. గిన్నెలో చింతపండు నీళ్లు ఏమైనా మిగిలితే చారులో పోసెయ్యండి.