కళ్లజోడు ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టేముందు పీడీ (రెండు కంటిపాపల మధ్య దూరం) జాగ్రత్తలు

- నెల్లూరు ట్రంక్ రోడ్డులో గానీ ఒంగోల్లో గానీ కంటి టెస్ట్ చేయించుకున్నప్పుడే చీటీ మీద పీడీ కూడా రాసిమ్మని అడగండి, మొహమాటం వద్దు.
- ఇంట్లో కొలిస్తే మిల్లీమీటర్ల స్కేలే వాడండి, టైలర్ టేపు పనికిరాదు.
- కొలిచేవాళ్లు మీ ఎదురుగా, ఒకే ఎత్తులో, 40 సెంటీమీటర్ల దూరంలో కూర్చుని తమ కుడికన్ను మూసి మీ కుడి కంటిపాప మధ్యలో సున్నా పెట్టాలి, తర్వాత స్కేలు కదపకుండా తమ ఎడమకన్ను మూసి మీ ఎడమ పాప దగ్గర అంకె చూడాలి, మీరేమో వాళ్లు తెరిచిన కన్నునే చూస్తా ఉండాలి, తల కదిలిందా మళ్లీ మొదట్నుంచీ.
- పెద్దోళ్లకి మామూలుగా 54 నుంచి 74 మిల్లీమీటర్ల లోపు వస్తది.
- పిల్లలకి పాత కొలత వద్దు.
- పవర్ ఎక్కువున్నా, అమ్మానాన్నలకి ప్రోగ్రెసివ్ (దూరానికి, దగ్గరికి ఒకే అద్దంలో పవరుండేది) అయినా దయచేసి షాపులోనే ఒక్కో కంటికి విడిగా తీయించండి, కొంచెం తేడాకే తలనొప్పి పట్టుకుంటది.