పన్నెండింటికే ఆకు వాలుతోందా? డెల్టా పాలీహౌస్‌ తిప్పలు, వాటి విరుగుడు

మొక్కలు పెంచడానికి ప్లాస్టిక్ షీటు కప్పి కట్టే పాలీహౌస్ చలిదేశాల అవసరానికి పుట్టింది. రోమ్ చక్రవర్తి టైబీరియస్‌కి ఏడాది పొడుగునా దోసజాతి కాయలు అందించడానికి, చలికాలంలో పాదుల మీద వెలుతురు దూరే పల్చటి రాతిపలకలు కప్పేవారని ప్లినీ రాశాడు. 1948లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయంలో ఎమర్ట్ అనే ఆచార్యుడు అద్దం బదులు చవకైన ప్లాస్టిక్ షీటు వేశాడు. వాళ్లకి కావలసింది లోపల వేడి నిలవడం. గోదావరి డెల్టాలో మనకి కావలసింది వేడి, తేమ బయటికి పోవడం. కింది తిప్పల్లో చాలావాటికి మూలం ఈ తేడాయే.

బయటికన్నా లోపలే ఉక్క, మధ్యాహ్నానికి ఆకు వాలడం

కుండీలో తడి ఉండగా ఆకు వాలితే అది నీటి ఎద్దడి కాదు. కంగారుపడి ఇంకా నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. ముందు గాలి దారులు చూడండి. పక్కలవి, పైవి కలిపి తెరుచుకునే జాగా నేల వైశాల్యంలో మూడో వంతుకి తగ్గకూడదు. పైకిటికీ నోరు గాలి వచ్చే దిక్కుకి కాకుండా గాలి పోయే దిక్కుకి ఉండాలి. అప్పుడే వేడిగాలిని బయటికి లాగుతుంది.

తర్వాత పురుగుల నెట్. 40 మెష్ (అంగుళానికి 40 కళ్ల) నెట్ కళ్లు సన్నం, రోడ్డు దుమ్ముకి ఇట్టే పూడిపోతాయి. అరచెయ్యి నెట్‌కి ఆనించి చూడండి, బయట గాలి వీస్తున్నా చేతికి తగలకపోతే పూడినట్టే. వేసవిలో పదిహేను రోజులకోసారి పైపుతో లోపలి నుంచి బయటికి కడగాలి.

షేడ్‌నెట్‌ని (నీడకోసం కట్టే వలని) షీటు కింద కడుతున్నారు, అది తప్పు. ఎండ లోపలికి వచ్చాక నెట్ కాగి, ఆ వేడి లోపలే ఉండిపోతుంది. ఎండని 50 శాతం ఆపే నెట్‌ని షీటుకి పైన, అడుగు ఎడం వదిలి కట్టండి.

ఇక ఫాగర్లు, అంటే నీటిని మంచులా చిమ్మే గొట్టాలు. మే నెల వడగాలి పొడిగాలి కాబట్టి పదకొండు నుంచి మూడు దాకా, పావుగంటకోసారి అర నిమిషం తిప్పితే బాగా చల్లబడుతుంది. వానాకాలంలో ఆపెయ్యండి. గాలిలో తేమ 85 శాతం ఉన్నప్పుడు 32 డిగ్రీల వేడి, నీళ్లెంత చల్లినా రెండు డిగ్రీలకి మించి దిగదు. మిగిలేది తెగులే.

నారు మొదలు దగ్గర నడుం విరిగినట్టు పడిపోవడం

పడిన మొక్కని పీకి చూడండి. మట్టిని ఆనుకున్న చోట కాడ నీరుకారి, దారంలా సన్నబడితే నారుకుళ్ళు. సాయంత్రం నీళ్లు పోసి, రాత్రి కిటికీలు మూసేసిన చోట ఇది తప్పదు. ప్రోట్రే (నారు పెంచే గుంతల ట్రే) లోని కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు రావచ్చు, ధార కట్టకూడదు. పొద్దున్నే ఒకసారి తడపండి, ట్రేలు నేల మీద కాకుండా బల్లల మీద పెట్టండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదళ్లు తడపండి. పడిపోయినవి లేవవు, తీసి దూరంగా పారెయ్యాలి.

చలికాలం తెల్లవారుజామున షీటు నుంచి నీటిబొట్లు ఆకుల మీద రాలుతుంటే మచ్చ తెగుళ్లు మొదలవుతాయి. తెల్లారగానే పక్కలు ఎత్తేస్తే చాలు.

ఆకు అంచులు మాడి, కుండీ అంచున తెల్లటి పొర

ఇది ఉప్పు. వేసవిలో కాలవలకి నీళ్లు ఆపేశాక బోరు నీటికి మారినప్పుడు, అందులోనూ సముద్రం దగ్గరైన కొద్దీ కనిపిస్తుంది. నీటిలో ఉప్పు కొలిచే ఈసీ మీటరుతో చూడండి, నారుకి 1 (mS/cm) లోపు ఉంటే క్షేమం. కడగని కోకోపీట్‌లోనూ ఉప్పుంటుంది. 5 కిలోల కోకోపీట్ ఇటుకని 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు మంచినీటితో రెండు మూడు సార్లు కడగాలి. అంచులు మాడుతున్నప్పుడు ఎరువు ఆపి, అడుగు నుంచి నీరు కారేదాకా మంచినీరు పోయండి.

మొక్క సాగి, పాలిపోవడం

వెలుతురు చాలట్లేదు. 75 శాతం నెట్ క్రోటన్లకి కాదు, నీడమొక్కలకి. నెట్ మీద పాచి ఉంటే కడగండి, కుండీలు ఎడంగా జరపండి.

షీటు పైపు వెంట చిరగడం, గాలికి లేచిపోవడం

ఎండకి కాగిన ఇనప పైపు ఆనిన చోటే షీటు పెళుసవుతుంది. పైపు మీద తెల్లరంగు వేసి, వదులైన చోట షీటుని పట్టి ఉంచే స్ప్రింగు తీసి, షీటు బిగించి మళ్లీ ఎక్కించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను హెచ్చరిక వస్తే ముందు షేడ్‌నెట్ చుట్టి దింపెయ్యండి. షీటు పక్కలు సగం తెరిచి వదిలితే గాలి లోపల దూరి కప్పుని పైకెత్తుతుంది. గట్టిగా మూయగలిగితే మూయండి, లేదంటే షీటు మొత్తం విప్పెయ్యండి.