కొత్త హెచ్‌డీ బాక్స్ పెట్టగానే పాత టీవీలో బొమ్మ పోతే ఏం చేయాలి

ఎన్నో ఏళ్లుగా చక్కగా నడుస్తున్న ఎల్‌సీడీ లేదా ప్లాస్మా టీవీకి కొత్త హెచ్‌డీ సెట్‌టాప్ బాక్స్ తగిలించిన రోజునే తెర నల్లబడితే, ఇంట్లో అందరి అనుమానమూ టీవీ మీదకే పోతుంది. బాక్స్ బిగించిన కుర్రాడు కూడా చాలాసార్లు "టీవీ పాతదండీ, మార్చుకోవాలి" అని చెప్పి వెళ్లిపోతాడు. ఆ మాట నమ్మి వేలకు వేలు పెట్టే ముందు ఓ గంటసేపు ఓపికగా పరీక్షించుకోవడం మంచిది. ఎందుకంటే ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం తెరలోనూ ఉండదు, డిష్‌లోనూ ఉండదు. బాక్సూ టీవీ మాట్లాడుకునే పద్ధతిలో ఉంటుంది.

ఆ పద్ధతి పేరు హెచ్‌డీసీపీ. డిజిటల్ బొమ్మను దారిలో ఎవరూ నకలు తీసుకోకుండా కాపాడటానికి ఇంటెల్ సంస్థ దీన్ని రూపొందించింది, తొలి వెర్షన్ 2000లో వచ్చింది. బాక్స్‌ను టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బొమ్మనూ శబ్దాన్నీ మోసే తీగలతో పాటు, రెండు పరికరాలు నెమ్మదిగా సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి రెండు సన్నని తీగలు వేరుగా ఉంటాయి. బాక్స్ ముందు ఆ తీగల మీద టీవీ వివరాలు చదువుతుంది, అంటే అది ఏ రిజల్యూషన్లను తీసుకోగలదో తెలుసుకుంటుంది. తర్వాత అదే దారిలో తాళంచెవుల పరీక్ష జరుగుతుంది. పాత వెర్షన్‌లో ప్రతి పరికరంలోనూ 56 బిట్ల రహస్య సంఖ్యలు 40 ఉంటాయి, ఇవే ఆ తాళంచెవులు; దాని గుర్తింపు సంఖ్య 40 బిట్లు. రెండు వైపులా వేసిన లెక్క సరిపోతే బాక్స్ బొమ్మను సంకేతాలుగా మార్చి పంపుతుంది, టీవీ దాన్ని విప్పి చూపిస్తుంది. పరీక్ష అంతటితో ఆగదు. దాదాపు ప్రతి రెండు సెకన్లకూ బాక్స్ మళ్లీ సరిచూసుకుంటూనే ఉంటుంది, తేడా వస్తే బొమ్మను ఆపేస్తుంది.

కాబట్టి మనం తేల్చుకోవలసింది ఒక్కటే: టీవీలో ఆ తాళంచెవులు అసలు లేవా, లేక ఉండి కూడా సంభాషణ మధ్యలో తెగిపోతోందా? మొదటిదైతే ఎంత ఖరీదైన కేబుల్ కొన్నా ప్రయోజనం లేదు, దారి మార్చుకోవాలి. రెండోదైతే చాలావరకు ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

ముందు లక్షణాలను శ్రద్ధగా గమనించండి. తెర మీద "నో సిగ్నల్" అని వస్తే బాక్స్ నుంచి టీవీకి ఏమీ అందడం లేదని అర్థం; కేబుల్ వదులుగా ఉండటమో, ఇన్‌పుట్ తప్పుగా ఎంచుకోవడమో, పోర్టు పాడవడమో కారణం కావచ్చు. ఈ ఫార్మాట్ చూపించలేనని టీవీ తనే చెబితే అది రిజల్యూషన్ గొడవ, హెచ్‌డీసీపీతో దానికి సంబంధం లేదు. రక్షణ సమస్య అయినప్పుడు లక్షణాలు వేరుగా ఉంటాయి. హెచ్‌డీసీపీ అన్న మాటతోనే బాక్స్ ఒక సందేశం చూపించవచ్చు. మెనూ బాగానే కనిపించి, చానల్ పెట్టగానే బొమ్మ పోయి మాటలు మాత్రమే వినిపించవచ్చు. రెండు మూడు సెకన్లు బొమ్మ వచ్చి ఆగి మళ్లీ వస్తూ ఉండవచ్చు. ఇది ఆ పదేపదే జరిగే పరీక్ష తప్పుతోందనడానికి మంచి గుర్తు. తెర నిండా రంగురంగుల చుక్కలు కదులుతుంటే, సంకేతాలుగా మారిన బొమ్మను టీవీ విప్పకుండా అలాగే చూపిస్తోందన్నమాట.

అమెరికా నుంచి టీవీ తెచ్చుకున్న ఇళ్లవారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దేశంలో టీవీ ప్రసారాలు సెకనుకు 50 సార్లు మారే పద్ధతిలో వస్తాయి, అక్కడి పద్ధతి 60. ఆ మార్కెట్ కోసం తయారైన పాత టీవీలు చాలావాటికి 50 అర్థం కాదు. తెర నల్లబడటం చూసి హెచ్‌డీసీపీ అనుకుంటాం గానీ ఇది వేరే సంగతి. బాక్స్ సెట్టింగుల్లో 60 హెర్ట్జ్ ఎంచుకునే వీలుంటే తప్ప ఈ వ్యాసంలోని మిగతా చిట్కాలేవీ వాటికి పనిచేయవు.

అనుమానం రక్షణ మీదే ఉంటే ల్యాప్‌టాప్‌తో ఒక పరీక్ష చేయండి. బాక్స్‌కు ఉన్న కేబుల్‌నే తీసి, టీవీలో అదే పోర్టుకు ల్యాప్‌టాప్ కలపండి. ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్‌ను చూపించడానికి హెచ్‌డీసీపీ అడగదు. కాబట్టి డెస్క్‌టాప్ స్పష్టంగా కనిపిస్తే కేబుల్‌లో బొమ్మ మోసే తీగలూ, టీవీ పోర్టూ బాగానే ఉన్నట్టు. ఆ తర్వాత హెచ్‌డీఎంఐ ఉన్న డీవీడీ లేదా బ్లూరే ప్లేయర్‌ను అదే చోట పెట్టి, దుకాణంలో కొన్న సినిమా డిస్కు ఒకటి వేయండి. అదీ ఆడితే టీవీలో తాళంచెవులు ఉన్నాయి, తగాదా మీ బాక్స్‌తోనే. ల్యాప్‌టాప్ వచ్చి డిస్కు రాకపోతే లోపం టీవీ వైపే ఉండే అవకాశం ఎక్కువ. చివరగా మీ బాక్స్‌నూ కేబుల్‌నూ పక్కింటి టీవీకి పెట్టి చూస్తే లెక్క పూర్తవుతుంది.

ఇక సరిచేసే పని. అన్నిటికంటే ఎక్కువగా పనిచేసేది పూర్తిగా కరెంటు తీసి మొదటి నుంచి మొదలుపెట్టడం. దీన్ని అందరూ సగమే చేస్తారు. రిమోట్‌తో ఆపితే బాక్స్ స్టాండ్‌బైలోకి వెళుతుందే తప్ప పూర్తిగా ఆగదు. కుదరని సంభాషణ దాని జ్ఞాపకంలో అలాగే మిగిలిపోవచ్చు. అందుకని బాక్స్, టీవీ రెండిటి ప్లగ్గులూ గోడ దగ్గర పీకేయండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌ను రెండు వైపులా తీసి, ఐదు నిమిషాలు ఆగండి. కేబుల్‌ను మళ్లీ రెండు కొసలా లోపలికి గట్టిగా నొక్కండి. గోడకు బిగించిన టీవీల్లో కేబుల్ బరువుకు ప్లగ్గు కిందికి వాలి ఉండటం మామూలే. అప్పుడు టీవీకి మాత్రమే కరెంటిచ్చి, ఆన్ చేసి, బాక్స్ కలిపిన ఇన్‌పుట్‌ను ఎంచుకోండి. తెర మీద ఆ ఇన్‌పుట్ పేరు వచ్చి స్థిరపడ్డాకే బాక్స్ ఆన్ చేయండి. పాత టీవీలు సిద్ధం కావడానికి సమయం తీసుకుంటాయి, బాక్సేమో ప్రశ్నలు తొందరగా అడిగి, జవాబు రాకపోతే తలుపు మూసేస్తుంది. టీవీని ముందు మేల్కొల్పడంలో ఉద్దేశం ఇదే. కుదరకపోతే రెండూ ఆన్‌లో ఉండగా ఇన్‌పుట్‌ను ఏవీకి (పసుపు, తెలుపు, ఎరుపు తీగల పాత దారికి) మార్చి మళ్లీ హెచ్‌డీఎంఐకి రండి. చాలా టీవీల్లో దీనితో సంభాషణ కొత్తగా మొదలవుతుంది.

తర్వాత దారిలో ఉన్నవన్నీ తీసేయండి. హోమ్ థియేటర్, స్విచ్, పడకగది టీవీకి బొమ్మ పంచే స్ప్లిటర్, గోడలో కేబుల్‌ను అతికించిన జాయింటు, ఇవన్నీ సంభాషణలో పాల్గొనేవో అడ్డుపడేవో అవుతాయి. స్ప్లిటర్‌కు కలిపిన రెండు టీవీల్లో ఒకదానికి తాళంచెవులు లేకపోతే రెండోదానికీ బొమ్మ రాకపోవచ్చు. ఒకటిన్నర మీటరు మామూలు కేబుల్‌తో బాక్స్‌ను నేరుగా టీవీకి కలిపి చూడండి. గోడలో దాచిన పది మీటర్ల కేబుల్‌లో ఆ సన్నని తీగల మీద సంకేతం బలహీనపడుతుంది, అందుకే బొమ్మకు తగిన బలం ఉన్నా తాళం పరీక్ష తప్పుతుంది. బంగారు పూత ఉన్న ఖరీదైన కేబుల్ కొనమని నేను ఎవరికీ చెప్పను. పొట్టి కేబుల్ చాలు. టీవీకి రెండు మూడు పోర్టులుంటే అన్నిటిలోనూ పెట్టి చూడాలి.

రిజల్యూషన్ విషయం మీద మరింత శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. చానల్ ఏ రూపంలో వస్తే ఆ రూపంలోనే టీవీకి పంపే సెట్టింగు కొన్ని బాక్సుల్లో ఉంటుంది. అప్పుడు మామూలు చానల్ నుంచి హెచ్‌డీ చానల్‌కు మారిన ప్రతిసారీ ఫార్మాట్ మారుతుంది, దానితో తాళం పరీక్షా మొదటి నుంచి జరుగుతుంది, పాత టీవీ మధ్యలో తడబడుతుంది. అవుట్‌పుట్‌ను 1080ఐ లేదా 720పీ అనే హెచ్‌డీ రిజల్యూషన్లలో ఒకదాని దగ్గర స్థిరపరిస్తే చానల్ మార్చినప్పుడల్లా బొమ్మ పోయే బాధ సాధారణంగా తీరుతుంది. 1366 బై 768 తెర ఉన్న టీవీకి 720పీ నిండుగా సరిపోతుంది. తెర నల్లగా ఉంటే మెనూ ఎలా తెరవాలని అడుగుతారు. బాక్స్ వెనక పసుపు, తెలుపు, ఎరుపు తీగల ఏవీ అవుట్‌పుట్ ఉంటే, దాన్ని టీవీకి కలిపి, ఆ బొమ్మలోనే సెట్టింగులు మార్చి, మళ్లీ హెచ్‌డీఎంఐకి రండి. రిమోట్ సంకేతాలను హెచ్‌డీఎంఐ ద్వారా పంపే సీఈసీ సౌకర్యం రెండు వైపులా ఉంటే దాన్నీ తాత్కాలికంగా ఆపి చూడవచ్చు.

నిన్నటిదాకా వచ్చిన బొమ్మ ఇవాళ ఏ మార్పూ చేయకుండానే పోతే, బాక్స్ సాఫ్ట్‌వేర్ మారి ఉండవచ్చు. డిష్ ద్వారా వచ్చే ఆ మార్పులను బాక్స్ చాలాసార్లు రాత్రి స్టాండ్‌బైలో ఉండగా తీసుకుంటుంది. రోజూ గోడ స్విచ్ కట్టేసే అలవాటున్న ఇళ్లలో మార్పు సగంలో ఆగి ఉండే అవకాశమూ ఉంది. కాబట్టి ఒకటి రెండు రాత్రులు బాక్స్‌కు కరెంటు తీయకుండా వదిలి చూడండి.

టీవీకి తాళంచెవులే లేవని తేలితే పరిస్థితి వేరు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో వచ్చిన ప్లాస్మాలు, ప్రొజెక్టర్లు కొన్నిటికి బొమ్మను మాత్రమే తీసుకునే డీవీఐ అనే పాత రకం పోర్టు ఉండేది, అందులో హెచ్‌డీసీపీ ఉండవచ్చు, లేకపోవచ్చు. ఐరోపాలో 2005లో మొదలైన "హెచ్‌డీ రెడీ" ముద్రకు హెచ్‌డీసీపీ తప్పనిసరి చేశారు గానీ, మన దుకాణాల్లో ఆ మాటను తెర కొలతకు పేరుగా వాడారు. అందుకని పెట్టె మీద రాతను కాక టీవీ మాన్యువల్‌ను నమ్మండి. హెచ్‌డీసీపీ ఉన్న డీవీఐ అయితే హెచ్‌డీఎంఐ నుంచి డీవీఐకి మార్చే కేబుల్ చాలు; శబ్దం మాత్రం విడి తీగతో తెచ్చుకోవాలి. లేకపోతే బాక్స్ వెనక ఆకుపచ్చ, నీలం, ఎరుపు సాకెట్లు ఉన్నాయేమో చూడండి. ఆ కాంపొనెంట్ దారిలో హెచ్‌డీసీపీ ప్రమేయం లేకుండా హెచ్‌డీ వస్తుంది. అవి లేకపోతే మిగిలింది ఏవీ దారే. బొమ్మ మామూలు నాణ్యతలోనే ఉంటుంది, కానీ వస్తుంది. కొత్త బాక్సుల్లో ఏవీకి బదులు హెడ్‌ఫోన్ రంధ్రం లాంటి చిన్న సాకెట్ ఒకటే ఉంటుంది. దానికి వాడే తీగల అమరిక అన్నిటికీ ఒకేలా ఉండదు. బాక్స్‌తో ఇచ్చినదే వాడండి. బయట కొన్న తీగతో బొమ్మ రాక గరగర శబ్దం వస్తుంటే, టీవీ పసుపు సాకెట్‌లో ఎరుపు ప్లగ్గునో తెల్ల ప్లగ్గునో పెట్టి చూడండి.

4కే బాక్స్ తీసుకున్నవారి చిక్కు మరొకటి. 4కే చిత్రాలకు హెచ్‌డీసీపీ 2.2 కావాలి. హెచ్‌డీఎంఐ కోసం ఆ వెర్షన్ నిర్దేశాలు వెలువడింది 2013లో, కనుక తొలితరం 4కే టీవీలు కొన్నిటిలో అది లేదు. కొన్నిటిలో ఒక్క పోర్టులోనే ఉంది. పోర్టు పక్కన 2.2 అని రాసి ఉందేమో వెతకండి. ఎక్కడా లేకపోతే బాక్స్ అవుట్‌పుట్‌ను 1080కి తగ్గించండి; హెచ్‌డీ చానళ్లు సాధారణంగా పాత వెర్షన్‌తోనే నడుస్తాయి. పాత హోమ్ థియేటర్ మధ్యలో ఉంటే బొమ్మను నేరుగా టీవీకిచ్చి, శబ్దాన్ని ఆప్టికల్ తీగతో హోమ్ థియేటర్‌కు పంపండి.

రక్షణను తొలగించి బొమ్మ ఇస్తామని అమ్మే చిన్న డబ్బాల గురించి మీరు వినే ఉంటారు. వాటిని నేను సిఫారసు చేయను. కాపీరైటు హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణను ఛేదించడాన్ని మన కాపీరైటు చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ నేరంగా చూస్తుంది. ఆ సంగతి అటుంచినా, పైన చెప్పిన కాంపొనెంట్, ఏవీ దారులు ఉండగా వాటి అవసరమే రాదు.

చివరిది, మన ఊళ్లలో తరచూ ఎదురయ్యేది. ఉరుములు మెరుపులతో వాన పడిన రాత్రి తర్వాత హెచ్‌డీఎంఐ పోయి, ఏవీ మాత్రం పనిచేస్తుంటే, ఆ రెండు సన్నని తీగలకు సంబంధించిన చిప్పు దెబ్బతిని ఉండవచ్చు. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో, కరెంటు ఉండగానే కేబుల్ పెడుతూ తీస్తూ ఉన్నా అదే జరగవచ్చు; అందుకే కేబుల్ ముట్టుకునే ముందు రెండు ప్లగ్గులూ తీయమని గట్టిగా చెబుతున్నాను. టెక్నీషియన్ వచ్చినప్పుడు ల్యాప్‌టాప్, డిస్కు, పక్కింటి టీవీ పరీక్షల్లో ఏం తేలిందో చెప్పి, మీ టీవీకి వేరే మోడల్ బాక్స్ ఒకటి పెట్టి చూపించమని అడగండి. దానితో బొమ్మ వస్తే బాక్స్ మార్చమని కంపెనీని అడగవచ్చు. రాకపోతే టీవీ హెచ్‌డీఎంఐ పోర్టునో బోర్డునో రిపేరు చేయడానికి ఎంతవుతుందో ముందు కనుక్కుని, ఆ తర్వాతే కొత్త టీవీ సంగతి ఆలోచించండి.