మెంటల్ హాస్పిటల్లో ఏళ్ల తరబడి ఉండిపోయిన మనిషిని ఇంటికి తెచ్చుకోవాలంటే

మా బాబాయ్ పదకొండేళ్లు గవర్నమెంట్ మెంటల్ హాస్పిటల్లో ఉన్నాడు. జబ్బు తగ్గక కాదండి, తగ్గి చాలా ఏళ్లయింది, డాక్టర్లు తీసుకెళ్లొచ్చు అని చెప్తూనే ఉన్నారు, మేమే వెళ్లలేదు. నాన్నమ్మ పోయాక ఇంట్లో ఆయన పేరెత్తేవాళ్లే లేకుండా పోయారు. ఆయన్ని తెచ్చుకుని ఇప్పుడు ఏడాదిన్నర అయింది. ఈ ఏడాదిన్నరలో మాకు తెలిసొచ్చినవన్నీ రాస్తున్నా, మీ ఇంట్లో కూడా ఇలా ఎవరైనా ఉంటే పనికొస్తుందని.

అన్నిటికన్నా ముందు ఆ మనిషిని అడగండి. మేం చేసిన మొదటి తప్పు ఇదే, మాలో మేం అన్నీ మాట్లాడేసుకుని, గది కూడా ఖాళీ చేసి, అప్పుడు వెళ్లి "బాబాయ్, ఇంటికెళ్దాం" అన్నాం. ఆయన నా మొహంలోకి చూసి "ఏరా, మళ్లీ ఎప్పుడు దింపుతావ్?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. పాపం ఆయనకి అక్కడ ఒక పని ఉంది, వంటగదిలో కూరగాయలు తరుగుతాడు, పక్క మంచం ఆయనతో స్నేహం ఉంది, ఇవన్నీ వదిలేసి మా ఇంట్లో ఒక మూల కూర్చోమంటే ఎందుకొస్తాడు చెప్పండి? అందుకే తర్వాత నాలుగు ఆదివారాలు ఊరికే వెళ్లి కూర్చుని కబుర్లు చెప్పి వచ్చాం, ఐదో వారం ఆయనే అడిగాడు ఇంట్లో పెరడు ఇంకా ఉందా అని.

ఇక చట్టం సంగతి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. అందులో 19వ సెక్షన్ గుర్తుపెట్టుకోండి. కుటుంబం లేదనో, ఇంట్లోవాళ్లు రానివ్వట్లేదనో, ఇల్లే లేదనో, బయట తగిన వసతి లేదనో ఒక మనిషిని హాస్పిటల్లోనే ఉంచేయకూడదని అందులో ఉంది. 98వ సెక్షన్ ప్రకారం డిశ్చార్జ్ చేసే ముందు డాక్టరు పేషెంటుతోను, ఇంట్లో చూసుకునేవాళ్లతోను కూర్చుని మందులేంటి, తర్వాత ఎక్కడ చూపించుకోవాలి అని ప్లాన్ మాట్లాడాలి. మనం అడగకపోతే చాలాచోట్ల చీటీ చేతిలో పెట్టి పంపేస్తారు, కాబట్టి సోషల్ వర్కర్‌ని కలిసి "డిశ్చార్జ్ ప్లాన్ రాసివ్వండి" అని అదే మాట వాడి అడగండి. పేషెంటు తన తరఫున మాట్లాడే మనిషిని తెల్ల కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేసి పెట్టుకోవచ్చు, బాబాయ్ నా పేరు రాయించాడు, ఆ కాగితం ఉన్నాక ఆఫీసులో మాట్లాడ్డం చాలా తేలికైంది. డిశ్చార్జ్ చెయ్యమన్నా చెయ్యకపోతే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి, అంటే పేషెంట్ల హక్కుల ఫిర్యాదులు వినడానికి ఈ చట్టం కింద పెట్టిన బోర్డుకి, అర్జీ పెట్టుకోవచ్చు, దానికి ఫీజు లేదు.

జైలు నుంచో కోర్టు ఆర్డర్ మీదో వచ్చి ఉన్నవాళ్ల సంగతి వేరు, అక్కడ డాక్టరు ఒక్కడే పంపించలేడు, కోర్టు చెప్పాలి. అలాంటప్పుడు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, కస్టడీలో ఉన్నవాళ్లకీ మానసిక జబ్బు ఉన్నవాళ్లకీ ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు, ఫోన్ నంబర్ 15100.

ఒకేసారి తెచ్చేయొద్దు. లీవు మీద పంపించే పద్ధతి చట్టంలోనే ఉంది, డాక్టర్ని అడిగి ముందు రెండు రాత్రులు, తర్వాత ఒక వారం తీసుకురండి. వీలైతే మీరు కూడా రెండు మూడు రోజులు హాస్పిటల్ దగ్గరే ఉండి చూడండి. 1950ల్లోనే అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ పేషెంట్ల కుటుంబాలని హాస్పిటల్ ఆవరణలోనే టెంట్లు వేయించి ఉంచేవారు, వెల్లూరు సీఎంసీ హాస్పిటల్లో కూడా ఇంట్లోవాళ్లు పక్కనే ఉండే పద్ధతి అప్పటినుంచే ఉంది. ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నాడు, దేనికి చిరాకు పడుతున్నాడు, ఎవరితో నవ్వుతున్నాడు అన్నది కళ్లారా చూస్తేనే మన భయం సగం పోతుంది, నాకైతే అలాగే పోయింది.

ఇంట్లో మొదటి వారం సంగతి వివరంగా చెప్తా, ఎందుకంటే ఇది ఏ డాక్టరూ చెప్పలేదు మాకు. మొదటి రోజు సాయంత్రం ఏడింటికి గదిలోకి వెళ్తే బాబాయ్ చీకట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. స్విచ్ ఆయన చెయ్యి పక్కనే ఉంది. వార్డులో స్విచ్‌లు బయట ఉంటాయి, అటెండరు వేస్తేనే లైటు, పదకొండేళ్లు ఎవరో వేస్తేనే వెలుతురు. స్విచ్ చూపించి "నువ్వే వేసుకో బాబాయ్" అంటే వేసి, తీసి, మళ్లీ వేశాడు. చెప్పులు దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు, వార్డులో పోతాయట. బాత్రూమ్ ముందు నిలబడి ఎవరో వెళ్లమనే దాకా వెళ్లేవాడు కాదు. అన్నం కంచం గుండెకి ఆనించుకుని ఐదు నిమిషాల్లో తినేసేవాడు. ఇవి జబ్బు లక్షణాలు కావండి, హాస్పిటల్ అలవాట్లు, దయచేసి వీటిని చూసి "ఇంకా తగ్గలేదు" అనుకోవద్దు. కంచం అలా పట్టుకోవద్దని ఎవరం చెప్పలేదు, అందరం పక్కన కూర్చుని నెమ్మదిగా తిన్నాం, రెండు నెలలకి ఆయనే కింద పెట్టుకుని తినడం మొదలుపెట్టాడు. చెప్పులు మాత్రం ఐదు నెలలు పట్టింది.

ఒకటి గట్టిగా చెప్తా, బయటనుంచి గడియ పెట్టొద్దు. భయమేస్తే ఇంట్లో ఒకరు మెలకువగా ఉండండి, అంతేగానీ తాళం వెయ్యడానికైతే ఇంటికి తేవడం దేనికి? 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచిన చోట మంటలొస్తే గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల 28 మంది చనిపోయారు, తాళం అనగానే నాకు అదే గుర్తొస్తుంది.

మందుల దగ్గర మేం దెబ్బ తిన్నాం. రెండో నెల మా ఊళ్లో ఒక మాత్ర దొరకలేదు, షాపాయన రేపు తెప్పిస్తా అన్నాడు, రేపు ఎల్లుండి అయింది, మూడో రాత్రికి బాబాయ్‌కి నిద్ర పట్టడం మానేసింది, తెల్లవారుజామున మూడింటికి లేచి వాకిట్లో తిరుగుతున్నాడు. అప్పటినుంచి పదిహేను రోజుల మందులు ఎప్పుడూ ఎక్కువే ఉంచుతున్నాం. చీటీ మీద బ్రాండ్ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి, అప్పుడు ఏ షాపులో అయినా, జనఔషధిలో అయినా తీసుకోవచ్చు. జిల్లా హాస్పిటల్లో మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఓపీ ఉంటుంది, ఏ రోజుల్లో డాక్టరు ఉంటారో ముందే కనుక్కుని పేరు రాయించేయండి, ప్రతిసారీ రెండొందల కిలోమీటర్లు వెళ్లక్కర్లేదు. లిథియం వాడుతుంటే రక్త పరీక్షలు, క్లోజపిన్ అయితే తెల్ల కణాల పరీక్ష, ఇవి మానేయకూడదు. ఆ తేదీలు క్యాలెండర్ మీద రాసి గోడకి తగిలించండి.

కాగితాల పని విసుగు, కానీ మొదలెట్టేయండి. బాబాయ్ పేరు రేషన్ కార్డులోంచి ఎప్పుడో తీసేశారు, ఆధార్ అసలు లేదు. ముందు ఆధార్, ఆ తర్వాత బ్యాంకు ఖాతా, ఆ తర్వాత సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే కాగితం. 2016 వికలాంగుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఒక వైకల్యమే, 40 శాతం పైన వస్తే పింఛనుకి పెట్టుకోవచ్చు. ఏపీలో 2024 జులై నుంచి నెలకి 6,000, తెలంగాణలో 2023లో 4,016 చేశారు. స్లాట్ సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేస్తారు, హాస్పిటల్ కాగితాలన్నీ జిరాక్స్ తీసి తీసుకెళ్లండి. పింఛను డబ్బు ఆయన చేతికే ఇవ్వండి. మా బాబాయ్ మొదటి నెల డబ్బుతో హాస్పిటల్లో ఉన్న స్నేహితుడికి ఒక రగ్గు కొని పంపించాడు.

ఆస్తి సంగతి కూడా చెప్పాలి. చాలా ఇళ్లల్లో మనిషిని వెనక్కి రానివ్వకపోవడానికి జబ్బు కారణం కాదు, ఆయన వాటా. ఇంట్లో ఉండే హక్కు కోసం కూడా ప్రభుత్వం న్యాయ సహాయం ఇవ్వాలని ఆ 19వ సెక్షన్‌లోనే ఉంది, ఇది వాడుకోండి.

ఇక ఇంట్లో నిజంగా కుదరదు అనేవాళ్లుంటారు, ముసలి తల్లి ఒక్కతే ఉంటే ఏం చేస్తుంది? వాళ్లని నేను తప్పుపట్టను. అలాంటివాళ్లకి హాఫ్‌వే హోములు (హాస్పిటల్‌కీ ఇంటికీ మధ్య కొన్నాళ్లు ఉండే చోటు), గ్రూప్ హోములు (కొందరు కలిసి ఉండే ఇల్లు) ప్రభుత్వమే పెట్టాలి, చట్టంలో ఉంది, కానీ అడిగేవాళ్లు కావాలి. చెన్నైలో బన్యన్ సంస్థ 2015 నుంచి హోమ్ అగైన్ అని నడుపుతోంది, హాస్పిటల్లో ఏళ్లు గడిపిన ఆడవాళ్లు నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంటారు, వండుకుంటారు, బజారుకెళ్తారు, చూసుకోడానికి ఒక మనిషి తోడుంటుంది. మన జిల్లాల్లో కూడా ఇలాంటివి కావాలని కలెక్టర్ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి, నేను పెట్టాను, రెండోసారి కూడా పెడతా.

చుట్టుపక్కలవాళ్లకి ముందే చెప్పాలా అని అడుగుతారు. మేం ఎదురింటివాళ్లకి, కిరాణా కొట్టాయనకి చెప్పాం, "మా బాబాయ్ వస్తున్నాడు, పలకరించండి" అని అంతే, జబ్బు పేరు చెప్పలేదు, అది చెప్పాలా వద్దా అన్నది ఆయనిష్టం.

మళ్లీ జబ్బు తిరగబెట్టేముందు ఏవో గుర్తులు కనిపిస్తాయి, ఒక్కొక్కరికి ఒక్కోటి, బాబాయ్‌కి నిద్ర తగ్గుతుంది, తర్వాత గడ్డం గీసుకోడు. బాగున్నప్పుడే ఆయన్ని అడిగి ఇవి ఒక కాగితం మీద రాసుకోండి, అప్పుడు ఏ హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి, ఏ మందు పడదు, ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నది కూడా. దాని కింద 14416 రాయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. మాది ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది, చేతిరాత బాబాయ్‌దే.