బెత్తం పక్కన పెట్టినంక ఏం చెయ్యాలె: బడిల అహింస ప్రాక్టీసు

మొన్న చుట్టుపక్కల బడుల సార్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల ఒక కొత్త ఎస్జీటీ (చిన్న తరగతులకు చెప్పే) మేడం అడిగింది, "కొట్టొద్దు అంటరు సరే సార్, మరి కొట్టకుంట 48 మందిని ఎట్ల కూసోబెట్టాలె, అది మాత్రం ఎవ్వరు చెప్పరు" అని. నిజమే, ఎవ్వరు చెప్పరు. అక్టోబర్ 2 నాడు గాంధీ ఫొటోకు దండేసి, వక్తృత్వ పోటీ పెట్టి, పిల్లలు లొల్లి చేస్తున్నరని ఆ ఫొటో ముంగటనే ఇద్దరి వీపుల గుద్ది ప్రోగ్రాం నడిపిచ్చినోళ్లం మనం, అందుట్ల నేను గూడ ఉన్న. హన్మకొండ దగ్గర ఒక హైస్కూల్ల సోషల్ చెప్త, సర్వీసుల సగం బెత్తంతోని అయింది, సగం బెత్తం లేకుంట అయింది, అందుకే రెండు దిక్కుల సంగతి ఎరికే.

అహింసను పాఠం లెక్క చూడకుండ్రి, కబడ్డీ లెక్క చూడుండ్రి. కబడ్డీ రూల్సు బోర్డు మీద రాసి, ఎక్కిచ్చుకోమని చెప్పి, తెల్లారి పోరలను మండల పోటీలకు తోలుకపోతె ఏమైతది? కూతకు పోయినోడు పోయినట్టే దొరుకుతడు. కోపం వచ్చినప్పుడు చెయ్యి లేవకుంట ఉండుడు గూడ అసొంటిదే, ఒంటికి అలవాటు కావాలె, అలవాటు కావాల్నంటె రోజు ఇంతింత ప్రాక్టీసు చెయ్యాలె, ఆ ప్రాక్టీసు పిల్లలకన్న ముందుగాల మనం షురూ చెయ్యాలె.

నాది ఎట్ల షురూ అయిందంటె, ఫిబ్రవరి నెల, మిర్చి సీజన్, మా దిక్కు పిల్లలు సగం మంది పొద్దుగాల చేన్ల మిరపకాయ ఏరి బడికొస్తరు. ఎనిమిదో తరగతి పోరడు ఒకడు వరుసగ మూడో రోజు లేటొచ్చిండు. చెయ్యి సాపు అన్న, సాపిండు, రెండు ఏసిన. వాడు ఏడ్వలే, చెయ్యి నోటి కాడ పెట్టుకొని ఊదుకుంట ఊదుకుంట పోయి కూసున్నడు. లీజర్ పీరియడ్ల చూస్తె నల్ల కింద చేతులు పెట్టుకొని నిలబడ్డడు, ఏందిరా అంటె "మిరపకాయ మంట సార్, రాత్రి నుంచి తగ్గుతలేదు" అన్నడు. నేను కొట్టింది ఆ చేతి మీద. ఆ దినం అన్నం తినబుద్ధి కాలే.

గాంధీ గూడ ఒకసారి కొట్టిండు, తెలుసా? సౌతాఫ్రికాల టాల్‌స్టాయ్ ఫారం అని ఉండె, అక్కడ పిల్లలకు ఆయననే చదువు చెప్తుండె. మాట ఇనని 17 ఏండ్ల పిలగాడిని రూళ్లకర్రతోని చేతి మీద ఒకటి ఏసిండట, ఏస్తుంటె తన చెయ్యే వణికిందట, ఆ తర్వాత పిలగాడు ఎన్నడు మాట జవదాటలేదట, అయినా ఆ దెబ్బకు ఇంకా పశ్చాత్తాప పడుతున్న అని ఆత్మకథల తనే రాసుకున్నడు. మనం "చూసినవా, ఒక్క దెబ్బకు లైన్ల పడ్డడు" అంటం, ఆయనకేమో వాడు లైన్ల పడ్డా గూడ ఆ దెబ్బ తప్పులెక్కనే అనిపిచ్చింది.

ఇగ పనిలకు వద్దాం. బెత్తం టేబుల్ మీదికెల్లి తీసెయ్యుండ్రి, కానీ "ఇయ్యాల్టి నుంచి నేను కొట్ట" అని క్లాసుల ప్రకటన చెయ్యకుండ్రి, పిల్లలు అది నిజమా కాదా అని తెల్లారే టెస్ట్ పెడ్తరు. చెప్పకపోయినా పెడ్తరనుకోండ్రి, కొంచెం ఆలస్యంగ పెడ్తరు. మొదటి మూడు నాలుగు వారాలు లొల్లి పెరుగుతది, ఇది మీకు ముందే చెప్తున్న ఎందుకంటె చానమంది సార్లు ఇక్కడనే "అయ్యేది కాదు, దండం దశగుణం భవేత్" అనుకుంట మళ్ల బెత్తం పడ్తరు. ఆ వారాలల్ల పనిచేసేటియి చిన్న చిన్నయే. గొంతు పెంచుడు కాదు, తగ్గియ్యాలె, చెప్పుడు ఆపి చాక్‌పీసు కింద పెట్టి ఊకె నిలబడితె ముందు బెంచీలోళ్లే ఎనుకోళ్లను ఊకోబెడ్తరు. లొల్లి చేసేటోని పేరు పిలవకుంట పాఠం చెప్పుకుంటనే పోయి వాని బెంచీ పక్కన నిలబడాలె. కోపం నషాళానికి ఎక్కితె నేనైతే బాటిల్ మూత తీసి నీళ్లు తాగుత, మెల్లగ, ఒక పది గుక్కలు. పిల్లలకు అర్థమైపోయింది ఇప్పుడు, "అరేయ్ సార్ నీళ్లు తాగుతుండ్రు" అని గుసగుసలు పోతయి, లొల్లి బందైతది.

బెత్తం పోయినంక దాని జాగల నాలుక రావొద్దు. విద్యా హక్కు చట్టం, 2009ది, 17వ సెక్షన్ల శారీరక శిక్షతోని పాటు మానసిక వేధింపు గూడ నిషేధమని ఉన్నది, మనం మొదటిదే యాది పెట్టుకుంటం. గోడకుర్చీ, గుంజీలు, ఎండల మోకాళ్ల మీద నిలబెట్టుడు ఇయ్యన్ని మొదటి దాంట్లనే వస్తయి, "నేను ముట్టుకోలేదు గదా" అంటె నడ్వదు. రెండోదేందంటె మొద్దు, దున్నపోతు, "నీకెందుకురా చదువు, మీ నాయిన లెక్క గొర్లు కాసుకోపో" అనేటియి. ఆఖరుది చూడనీకె జోకు లెక్కనే ఉంటది, క్లాసంత నవ్వుతది, కానీ అందుట్ల కులం ఉన్నది, వాని నాయిన పని ఉన్నది, ఆ పోరడు అది పదేండ్లయినా మర్వడు.

మరి ఏమనాలె? మార్షల్ రోజెన్‌బర్గ్ అని అమెరికాయన ఒక పద్ధతి పెట్టిండు, నాలుగు మెట్లు: చూసింది చెప్పు, నాకేమనిపిచ్చిందో చెప్పు, నాకేం కావాల్నో చెప్పు, అడుగు. తెలుగుల పుస్తకం భాషల చెప్తె పిల్లలు నవ్వుతరు, మన మాటల్ల అయితె గిట్ల: "నువ్వు ఎప్పుడు లేటే" అనే బదులు "ఈ వారంల మూడు రోజులు రెండో పీరియడుకు వచ్చినవ్ బిడ్డా. నాకు పరేషాన్ అయితుంది, మొదటి పీరియడ్ మ్యాథ్స్ పోతుంది నీకు. పొద్దుగాల ఇంటికాడ ఏం నడుస్తుందో జర చెప్తవా?" అంతే. ఎప్పుడు, ఎన్నడు, అస్సలు అనే మాటలు తీసేసి లెక్క చెప్పాలె, మూడు సార్లంటె మూడు సార్లు. నేను మిర్చి పోరన్ని గిట్ల ఒక్క మాట అడిగి ఉంటే మొదటి రోజే తెలిసిపోతుండె.

పిల్లల కొట్లాటల సంగతి. మా బడిల కొట్లాటలు అయ్యే జాగలు మూడే, నల్ల కాడ, మధ్యాహ్న భోజనం లైన్ల, గ్రౌండ్ల. ముందుగాల ఆ జాగలు చూడుండ్రి, ఒక్క నల్లకు మూడొందల మంది అయితె ఎంత అహింస చెప్పినా నూకులాటనే, మేము కమిటీలో పట్టుబట్టి ఇంకో రెండు నల్లలు పెట్టిచ్చినంక సగం కేసులు మాయమైనయి. మిగిలినయాటికి వేపచెట్టు కింద ఒక చాప ఉంటది. కొట్లాడిన ఇద్దరిని ఎంటనే కూసోబెట్టొద్దు, ఊపిరి ఆడనియ్యాలె, నీళ్లు తాపాలె, లంచ్ తర్వాత పిలవాలె. ఒకడు చెప్తడు, రెండోడు తన మాట చెప్పేముందు వాడు చెప్పింది తిరిగి అప్పజెప్పాలె, "నేను వాని చెప్పు దాసిపెట్టిన అంటుండు" అని. ఈ అప్పజెప్పుడుతోనే సగం చల్లబడ్తది, ఒక్కోసారి మధ్యల నవ్వొస్తది గూడ. ఆ తర్వాత ఒకటే ప్రశ్న: రేపు నల్ల కాడ మళ్ల ఎదురుపడ్తె ఏం చేస్తరు? వాళ్లు చెప్పింది నోటుబుక్కుల రాయాలె, రెండు రోజులయినంక పిలిచి అడగాలె, ఆ రెండు రోజుల తర్వాత అడుగుడు మాత్రం అస్సలు మర్వద్దు.

పిల్లలు దీన్ని పంచాయితీ అంటరు, అననియ్యుండ్రి, కానీ మీరు పెద్దమనిషి కావొద్దు. ఊరి పంచాయితీల ఎవని దిక్కు నలుగురుంటె వాడు గెలుస్తడు, దండుగ కడ్తరు, పగ ఇంటికి తీస్కపోతరు. ఇక్కడ తీర్పు లేదు, దండుగ లేదు. విరిగింది ఉంటె బాగుచెయ్యాలె, చింపిన నోట్సు ఉంటె కూసోని రాసియ్యాలె.

ఒక హెచ్చరిక. ఇద్దరు సమానంగ కొట్లాడితేనే చాప. నలుగురు కలిసి ఒకన్ని రోజు ఏడిపిస్తుంటె అది కొట్లాట కాదు, అక్కడ బాధపడేటోన్ని వాళ్ల ముంగట కూసోబెట్టి "షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండ్రి" అంటె మనం గూడ ఐదో మనిషైనట్టే. ముందు ఆపాలె, ఏడిపిచ్చినోళ్లతోని వేరువేరుగ మాట్లాడాలె. ఆడపిల్లను ఎవడన్న ముట్టుకున్నడు, వెంబడి పడ్తుండు అంటె అసలు చాప మాటే రావొద్దు, హెచ్ఎంకు (హెడ్‌మాస్టరుకు) చెప్పాలె, అవసరమైతె పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యాలె. సర్దుకపో బిడ్డా అనుడు అహింస కాదు. ఓర్చుకునుడు వేరు, కొట్టకుంట ఎదురు నిలబడుడు వేరు, ఈ తేడా పిల్లలకు, ముఖ్యంగ ఆడపిల్లలకు, చెప్పకపోతె మనం చెప్పిన అహింస అంత వాళ్ల నోరు మూసేదానికే పనికొస్తది.

ఆ ఎదురు నిలబడుడుకు రిహార్సల్ కావాలె. జేమ్స్ లాసన్ అని అమెరికా నల్లజాతి పాస్టర్ ఉండె, 1953 నుంచి 56 దాక నాగ్‌పూర్ల హిస్లాప్ కాలేజీల పనిచేసిండు, మన కాజీపేటల రైలెక్కి బల్లార్షా దాటితె వచ్చే నాగ్‌పూరే. ఇక్కడ గాంధీ పద్ధతులు చదువుకొని పోయి నాష్‌విల్ల కాలేజీ పిల్లలకు వర్క్‌షాపులు పెట్టిండు. కొందరు తెల్లోళ్ల లెక్క యాక్టింగ్ చేసి తిట్టాలె, నూకాలె, కుర్చీలకెల్లి గుంజాలె, మిగిలినోళ్లు చెయ్యెత్తకుంట కూసోవాలె. గిట్ల నెలల తరబడి చేసినంకనే 1960 ఫిబ్రవరిల నల్లోళ్లను కూసోనియ్యని హోటల్ కౌంటర్ల కాడ పోయి కూసున్నరు, మే నెల కల్ల ఆ కౌంటర్లు నల్లోళ్లకు గూడ తెరిచిండ్రు.

మనం అంతదూరం పోనక్కర లేదు. డ్రిల్ పీరియడ్ల పదినిమిషాలు చాలు. "ఆర్టీసీ బస్సుల సీటు కోసం ఒకడు నీ బ్యాగు తీసి కింద పడేసిండు" అని సీను ఇయ్యుండ్రి. ముగ్గురు కావాలె, పడేసినోడు, బ్యాగు వాడు, పక్కన చూస్తున్నోడు. ఈ మూడోన్ని మర్వకుండ్రి, అసలు పని వానితోనే. ముట్టుకునుడు లేదు, నిజంగ ఎక్కిరిచ్చే పేర్లతోని పిలుసుడు లేదు, రెండు నిమిషాలకు పాత్రలు మార్చాలె. నిజంగ ఎవరన్న ఏడిపిస్తున్న పిల్లకు బ్యాగు వాని పాత్ర ఎన్నడియ్యొద్దు, నేనొకసారి తెల్వక ఇచ్చిన, క్లాసు మధ్యలకెల్లి లేచి బయటికి పోయింది.

చరిత్ర చెప్పేటప్పుడు ఒక కష్టం ఉన్నది, మన దిక్కు ప్రత్యేకం. చౌరీచౌరా చెప్త, 1922ల పోలీస్ స్టేషన్ తగలబెట్టి ఇరవైకి పైన పోలీసోళ్లను చంపితె గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమాన్నే ఆపేసిండు అని. ఎంటనే ఎనుక బెంచీకెల్లి ప్రశ్న, "మరి చాకలి ఐలమ్మది తప్పా సార్?" తెలంగాణ సాయుధ పోరాటంల దొరకు ఎదురు నిలబడ్డ ఐలమ్మ ఊరు పాలకుర్తి మనకు ఎంత దూరమని! కడవెండిల దొడ్డి కొమురయ్యను 1946 జులై 4 నాడు కాల్చి చంపింది ఊరేగింపుల నడుస్తుంటెనే. ఇక్కడి పిల్లల ఇండ్లల్ల అన్నలల్ల (నక్సలైట్లల్ల) కలిసిపోయి తిరిగి రాని చిన్నాయిన ఫొటో ఉంటది, అదే ఊర్ల కానిస్టేబుల్ బిడ్డ గూడ ఉంటది. తప్పు, ఒప్పు అని ఒక్క మాటల తేల్చేసి పేజీ తిప్పకుండ్రి. నేను అడుగుత: తుపాకి దాక పోకముందు ఆ సాయుధ పోరాటపోళ్లు ఏమేం చేసి చూసిండ్రు? ఐలమ్మ పంట పోకుంట నిలబడ్డప్పుడు చేతుల ఏమున్నది, ఎనుక ఎవరున్నరు?

ఆ ఎనుకనే పోచంపల్లి చెప్త. 1951 ఏప్రిల్ 18, వినోబా భావే ముంగట 40 దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితె వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్త అన్నడు, భూదానం అక్కడ మొదలైంది. ఐలమ్మను సతాయిచ్చిన విస్నూరు దేశ్‌ముఖ్ (దొర) పేరు గూడ రామచంద్రారెడ్డే, ఈయన వేరే మనిషి, పిల్లలు పరీక్షల ఇద్దరిని కలిపేస్తరు, పేర్లు పెద్దగ రాసి చెప్పుండ్రి. 2011ల 42 రోజుల సకల జనుల సమ్మె గురించి ఇంటికాడ అడిగి రమ్మంటె ఇంకా మంచిది, రోడ్డు మీద వంటావార్పు చేసిన అవ్వలు ప్రతి వాడకు ఉన్నరు.

తల్లిదండ్రులతోని మాట్లాడుడే నాకైతె అన్నిట్ల కష్టం. "కొట్టుండ్రి సార్, ఏం గాదు, కండ్లు మాత్రం ఉంచుండ్రి" అంటరు ప్రేమగనే. వాళ్లకు సెక్షన్లు చెప్తె లాభం లేదు. "రెండు నెలలు నా తీరుగ చూస్త, తర్వాత మళ్ల కూసుందాం" అంటున్న, ఒప్పుకుంటరు. స్టాఫ్‌రూంల గూడ ఉపన్యాసం ఇయ్యకుండ్రి, పక్క సార్ బెత్తం పడితె ఆయన్ను పిల్లల ముంగట ఆపకుండ్రి కానీ పిల్లకు దెబ్బ తాకే తీరుంటె మాత్రం "సార్, హెచ్ఎం పిలుస్తుండ్రు" అని ఎట్లనన్న బయటికి తియ్యుండ్రి.

ఇన్ని చెప్పిన గదా, పోయిన ఏడు నేనే మళ్ల ఒక పోరని చెంప మీద ఒకటి ఏసిన. జరం ఉండె ఆ రోజు, సెలవు పెట్టాల్సిన రోజు బడికి పోయిన, అది నా తప్పు. మీకూ అయితది. అయితె పొద్దు దాటనియ్యకుంట క్షమాపణ చెప్పాలె, కొట్టింది అందరి ముంగట కాబట్టి చెప్పుడు గూడ అందరి ముంగటనే, "నువ్వు గట్ల చేసినవ్ కాబట్టి" అనే ముక్క అతికియ్యకుంట. నేను చెప్తుంటె క్లాసు పిన్ డ్రాప్ సైలెంటు, వాడు తల వంచుకొని "ఏం గాదు సార్" అన్నడు. "అయితదిరా, కూసో" అని వాళ్ల నాయినకు గూడ ఫోన్ చేసి నేనే చెప్పిన. తర్వాత రెండు రోజులు సెలవు పెట్టుకొని పండుకున్న.