బాయిల్డ్ మిల్లు సీఎఫ్‌ఓ రెన్యువల్: మిల్లు నడుస్తున్నప్పుడే మొదలుపెట్టండి

మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ (ఉప్పుడు బియ్యం) మిల్లులో ఆఫీసు పని చూస్తాను. మిల్లు నడపడానికి, దాని మురుగునీళ్లు, పొగ వదలడానికి పొల్యూషన్ బోర్డు ఇచ్చే అనుమతే సీఎఫ్‌ఓ (కన్సెంట్ ఫర్ ఆపరేషన్). 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం రెండింటికీ కలిపి ఒకటే ఆర్డర్ వస్తుంది. గడువు దగ్గరపడగానే అందరూ ఫీజెంత అని అడుగుతారు. ముందు పాత ఆర్డర్ తీసి చదవండి.

అందులో రోజుకు ఎన్ని టన్నులు ఆడించవచ్చో, ఎన్ని కిలోలీటర్ల మురుగునీరు రావచ్చో రాసి ఉంటుంది. మీరు ఆ అంకెలు దాటి నడుపుతుంటే రెన్యువల్ ఒక్కటే సరిపోదు, విస్తరణకు ముందుగా సీఎఫ్‌ఈ (కన్సెంట్ ఫర్ ఎస్టాబ్లిష్‌మెంట్, అంటే కట్టడానికి, పెంచడానికి బోర్డు ఇచ్చే అనుమతి) తీసుకోవాలి. నానబెట్టే ట్యాంకులు పెంచినవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి. ఎన్ని రోజుల ముందు అప్లై చేయాలో కూడా షరతుల్లోనే ఉంటుంది. మా ఆర్డర్‌లో 120 రోజులు.

అసలు చిక్కు సీజన్‌తో వస్తుంది. యాసంగి వడ్లు అయిపోయి మిల్లు ఆగితే ట్యాంకుల్లో నీళ్లే ఉండవు, ఇక మురుగునీటి పరీక్షకు శాంపిల్ ఎక్కడిది? అందుకే గడువు ఏ నెలలో ఉన్నా, మిల్లు పూర్తిగా నడుస్తున్నప్పుడే గుర్తింపు ఉన్న ల్యాబు వాళ్లను పిలిపించి టెస్టు చేయించండి. శాంపిల్ ఈటీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) చివరి ఔట్‌లెట్ దగ్గరే పట్టాలి. ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి, ఎండలో ఉంటే బీఓడీ (నీళ్లలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) లెక్క మారిపోతుంది. బీఓడీ పరీక్షకే మూడు రోజులు పడుతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

వడ్లు నానిన నీళ్లు చూస్తే పసుపు రంగులో మామూలుగానే ఉంటాయి. కానీ వడ్ల నుంచి దిగిన పిండి, చక్కెర పులిసి ఒక్క రోజులోనే ముక్కు మూసుకునేంత వాసన వస్తుంది, పీహెచ్ పడిపోతుంది, అంటే నీళ్లు ఆమ్లంగా మారతాయి. అవి కాలువలో కలిస్తే నీళ్లలోని ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి. కింద పొలాలున్న రైతులు మనకు వడ్లు తెచ్చిపోసేవాళ్లే, వాళ్ల కాలువ పాడుచేసే హక్కు మనకు లేదు. సాధారణ ప్రమాణాల ప్రకారం నీళ్లు వాగులోకి వదిలితే బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, పొలానికి పారిస్తే 100 మిల్లీగ్రాములు దాటకూడదు. పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. మీ ఆర్డర్‌లో ఇంతకన్నా గట్టి హద్దు ఉంటే అదే పాటించాలి. సున్నం కలిపితే పీహెచ్ సరవుతుంది గానీ బీఓడీ తగ్గాలంటే నీళ్లలోకి గాలి ఊదే ఏరేషన్ బ్లోయర్ నడవాల్సిందే. కరెంటు మిగులుతుందని ఆపకండి. ఈటీపీకి వేరే కరెంటు మీటరు ఉంటే, బ్లోయర్ నడిచిందో లేదో ఆ రీడింగే చెప్పేస్తుంది.

అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే. ఫీజు పెట్టుబడిని బట్టి ఉంటుంది కాబట్టి దానికి సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) సర్టిఫికెట్ సిద్ధంగా పెట్టుకోండి. కాస్త ఓపిక కావాల్సింది షరతుల నివేదికకే. ఒక్కో షరతు కింద ఏం చేశారో రాసి, ఫోటోగానీ రిజిస్టర్ పేజీగానీ జతచేయాలి. ‘పాటిస్తున్నాం’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే వివరణ అడుగుతారు, నెలలు గడుస్తాయి.

బోర్డు నల్లగొండ ఆఫీసు నుంచి ఇంజినీరు తనిఖీకి వస్తే ఫ్లో మీటరు రిజిస్టర్, ల్యాబు రిపోర్టులు ఈటీపీ దగ్గరే చేతికివ్వండి. ఆపరేటర్‌ను పక్కనే ఉంచండి, ప్రశ్నలకు అతనే జవాబు చెప్పాలి. కొత్త ఆర్డర్ రాగానే టన్నులు, కిలోలీటర్లు, గడువు తేదీ మూడూ పాతదానితో పోల్చి చూసి, తేడా ఉంటే ఆలస్యం చేయకుండా సవరణకు లెటర్ పెట్టండి.