అగ్నివీర్ దరఖాస్తు: పరుగుకు దమ్ము సరే, బీమ్‌కు బలమేదీ?

తిరుపతి, చిత్తూరు జిల్లాల అబ్బాయిలు ఆర్మీలో అగ్నివీర్‌గా చేరాలంటే గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు పరిధిలోకి వస్తారు. దరఖాస్తు కోసం గుంటూరు దాకా పోనక్కర్లేదు, అంతా ఆన్‌లైనే.

జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్‌లో ముందు రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. మీ సొంత ఈమెయిల్, మీ ఫోన్ నంబరే ఇవ్వండి. మా వీధి కుర్రాడొకడు నెట్ సెంటర్ వాళ్ల మెయిల్ ఇచ్చి, అడ్మిట్ కార్డు కోసం వాళ్ల చుట్టూ వారం తిరిగాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు వేరేగా పడుంటే ముందే సరిచేయించుకోండి. జనరల్ డ్యూటీకి, అంటే మామూలు సైనికుడి పోస్టుకు, పదిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 మార్కులు కావాలి. పరీక్ష ఫీజులో అభ్యర్థి కట్టేది 250 రూపాయలు. మొదట కంప్యూటర్ మీద రాత పరీక్ష; అందులో నెగ్గినవాళ్లనే ర్యాలీకి, అంటే మైదానంలో పెట్టే శారీరక పరీక్షలకు, పిలుస్తారు.

మనోళ్లు తడబడేది ర్యాలీలోనే. 1.6 కిలోమీటర్ల పరుగు 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే మొదటి గ్రూపు, 60 మార్కులు; 5:45 లోపైతే రెండో గ్రూపు, 48. 2025 నుంచి ఇంకో రెండు గ్రూపులు కలిపారు: 6 నిమిషాల లోపు 36, 6:15 లోపు 24. ఆ తర్వాత బీమ్, అంటే కమ్మీకి వేలాడి పైకి లేచే పుల్-అప్స్. పది తీస్తే 40 మార్కులు, తొమ్మిదికి 33, ఎనిమిదికి 27, ఏడుకు 21, ఆరుకు 16. ఆరు కూడా రాకపోతే ఎంత వేగంగా పరుగెత్తినా ఇంటికే. 9 అడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ (వంకరటింకర సన్నటి దిమ్మె మీద పడకుండా నడవడం) పాసైతే చాలు, వాటికి మార్కుల్లేవు.

లెక్క చూడండి. మొదటి గ్రూపులో వచ్చి ఆరు బీమ్‌లు తీసినవాడికి 76. మూడో గ్రూపులో వచ్చి పది తీసినవాడికీ 76. అయినా మన దగ్గర సాధన అంటే పరుగే. తెల్లారకముందే అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి దిగే కుర్రాళ్లున్నారు. దమ్ము బాగా పడుతుంది, కాదనను. కానీ మెట్లెక్కితే చేతులకు బలం రాదు. పైగా ర్యాలీలో పరుగయ్యాకే బీమ్: ఆయాసం తీరకముందే, చెమటపట్టిన అరచేతులతో. చేతులు పూర్తిగా చాచి వేలాడి, ఊగకుండా గడ్డం కమ్మీ పైకి రావాలి. అందుకే ఇంట్లోనూ పరుగెత్తి వచ్చిన వెంటనే బీమ్ పట్టండి. ఒక్కటీ రానివాళ్లు ఎగిరి గడ్డం పైకి పెట్టి, మనసులో పది లెక్కపెడుతూ నెమ్మదిగా దిగడంతో మొదలుపెట్టొచ్చు. పరుగుకు 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకు 82 సెకన్లు. మొదటి రౌండు 70లో కొట్టి మూడోదానికి చతికిలబడేవాళ్లే ఎక్కువ.

కాగితాల సంగతి: నివాసం, కులం పత్రాలకు సచివాలయంలో ముందుగానే దరఖాస్తు పెట్టండి. సర్పంచ్ ఇచ్చే ప్రవర్తన పత్రం, పెళ్లి కాలేదన్న పత్రం ఆరు నెలల లోపువే చెల్లుతాయి, రెండింటి మీదా ఫొటో ఉండాలి. ఒరిజినల్స్‌తో పాటు జిరాక్సులూ పెట్టుకోండి.

మెడికల్‌కు వెళ్లేముందు చెవుల్లో గులిమి తీయించుకోండి, పళ్ల మీద గార కూడా.